రాణి, దొరసాని, బేగం: తెలుగునాట ప్రభువుల భార్యల బిరుదులు

సంస్థానాధీశులు, జమీందారులు, పాయగా నవాబులు, దేశ్‌ముఖులు ఏలిన తెలుగు నేలలో వారి భార్యలకు చెల్లిన మర్యాద పేర్లు చాలా ఉన్నాయి: సాని, దేవి, రాణి, మహారాణి, దొరసాని, బేగం, ఆఖరున ఇంగ్లీషువారి లేడీ. స్కాట్లాండులో డ్యూక్ భార్య డచెస్ అయినట్టే ఇవన్నీ ప్రధానంగా పెళ్లితో వచ్చినవి. కాకపోతే అక్కడ డచెస్ హోదా రాజుగారి పట్టా మీద, దాని వారసత్వ షరతుల మీద నడిచింది. మన దగ్గర రాణి, దొరసాని అన్నవి చాలావరకు నోటి వాడుక మీద నడిచాయి. భర్తకు సనదు ఇచ్చిన నవాబు గానీ కుంపిణీ దొర గానీ భార్య కోసం వేరే కాగితం రాయలేదు. ఊరు పిలిచింది, దివాణం ఒప్పుకుంది, అంతే.

 ఆ పిలుపులు ఊళ్ల పేర్లలో ఎలా నిలిచాయో శంకర్‌పల్లి మీదుగా పోయే రైలు దారి చూపిస్తుంది. 1874లో మొదలైన వాడి–సికింద్రాబాద్ మార్గం అది. పడమటికి వెళితే వికారాబాద్, తూర్పుకు వస్తే బేగంపేట. ఈ రెండు పేర్లూ హైదరాబాద్ రాజ్యంలో నిజాం తర్వాత అంతటివారైన పాయగా కుటుంబాలవే. వికారాబాద్ నవాబ్ వికారుల్ ఉమ్రా బిరుదు మీద వెలిసింది. బేగంపేట రెండో నిజాం కూతురు బషీరున్నిసా బేగంది. పాయగా ప్రభువు రెండో షంసుల్ ఉమ్రాకు ఆమెనిచ్చి పెళ్లి చేసినప్పుడు ఈ భూమి కట్నంగా వెళ్లింది. మగవాడి ఊరికి ఆయన సొంత బిరుదు దక్కింది. ఆడమనిషి ఊరికి బేగం అన్న మాటొక్కటే మిగిలింది. ఏ బేగమో స్టేషన్ బోర్డు చెప్పదు.

తెలుగునాట ప్రభువుల భార్యల చరిత్ర అంతటా ఈ చిక్కు ఉంది. బిరుదు నిలిచిన చోట పేరు పోయింది. పేరు నిలిచిన చోట చూస్తే, ఆ మనిషి చెరువో గుడో సత్రమో కట్టించి ఉంటుంది, లేదా భర్త పోయాక సంస్థానాన్ని చేతుల్లోకి తీసుకుని ఉంటుంది.

దండనాయకుడి ఇల్లాలు

డ్యూక్ అన్న మాటకు మూలం లాటిన్ డక్స్, అంటే సేనను నడిపేవాడు. తెలుగు శాసనాల్లో దానికి సరిగ్గా సరిపోయే మాట దండనాయకుడు, దండాధీశుడు. ఆ లెక్కన మన తొలి డచెస్‌లను కాకతీయుల సామంతుల ఇళ్లలో వెతకాలి. స్కాట్లాండులో డ్యూక్ పదవి వచ్చిందే 1398లో. మూడో రాబర్ట్ రాజు తన కొడుకు డేవిడ్‌ను రోత్‌సే డ్యూక్‌గా, తమ్ముడు రాబర్ట్‌ను ఆల్బనీ డ్యూక్‌గా చేశాడు. డేవిడ్‌కు అప్పటికింకా పెళ్లి కాలేదు కనుక తొలి డచెస్ గౌరవం ఆల్బనీ భార్య మ్యూరియెల్లా కీత్‌కు దక్కింది. అప్పటికి ఓరుగల్లు రాజ్యం పడిపోయి డెబ్బై ఏళ్లు దాటింది.

మహబూబ్‌నగర్ ప్రాంతంలోని బుద్ధాపురం, అంటే నేటి భూత్‌పూర్, కుప్పాంబికను గుర్తుంచుకుంది. ఆమె రంగనాథ రామాయణ కర్త గోన బుద్ధారెడ్డి కూతురు, మల్యాల గుండ దండాధీశుడి భార్య. భర్త పోయాక ఆయన పేరిట గుడి కట్టించి 1276లో శాసనం వేయించింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని వాదించే పండితులున్నారు. ఆ వాదం తేలినా తేలకపోయినా, భర్త పదవి నీడలో ఉండాల్సిన మనిషి రాతి మీద తన పేరు తాను చెక్కించుకుందన్నది మాత్రం నిజం.

సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఇంకొకటి ఉంది. రేచెర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో కట్టించిన ఎఱకేశ్వరాలయం అది. దేవుడికి భర్త పేరు పెట్టడం లోకాచారం. ఇక్కడ దేవుడు ఇల్లాలి పేరు పెట్టుకున్నాడు. బయ్యారం చెరువు శాసనం గణపతిదేవుడి చెల్లెలు మైలాంబది. ఆమె నతవాడి రుద్రుడి భార్య. కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారులు సరిచేసుకున్నది ఈ చెరువు గట్టు శాసనంతోనే. గణపతిదేవుడి కూతురు గణపాంబ ధరణికోటలో కోట బేతరాజు భార్యగా వెళ్లి, ఆయన పోయాక ఆ చిన్న రాజ్యాన్ని తానే ఏలింది. యనమదల శాసనం ఆమెది.

ఈ పేర్ల చివరి సాని అన్న మాటను కాసేపు పట్టుకోవాలి. స్వామిని అన్న సంస్కృత పదం ప్రాకృతం మీదుగా అరిగి సాని అయింది. అర్థం యజమానురాలు. కాకతీయుల కాలంలో అది గొప్ప ఇంటి స్త్రీల పేరుకు తగిలే గౌరవపు తోక. ఆలయాల్లో సేవ చేసే స్త్రీలకూ అదే చెల్లింది. తర్వాతి కాలంలో గుడిసానుల బతుకు చితికిపోయింది, లోకం వారిని చూసే చూపూ దిగజారింది, దానితోపాటే ఈ మాటా పడిపోయి భోగంవారికి పేరైంది. మగవాళ్ల బిరుదుల్లో స్వామి నేటికీ స్వామిగానే ఉన్నాడు. స్వామిని మాత్రం సాని అయి వీధిలో తిట్టుగా మిగిలింది. మాటలకు కూడా ఆడా మగా తేడా ఉంటుందనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయితే దొర పక్కన చేరినప్పుడు మాత్రం సాని తన పాత పరువును నిలబెట్టుకుంది. దొరసాని అన్న మాటలో ఉన్నది ఆ పాత సానే.

ఏలిన భార్య, ఏలని భర్త

భార్య తన హక్కుతో ఏలినప్పుడు భర్తను ఏమని పిలవాలన్నది రెండు దేశాల్లోనూ ఇబ్బందే. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. సింహాసనానికి స్త్రీలింగం లేదు కనుక ఆమే పుంలింగమైంది. భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఓరుగల్లులో రాజ బిరుదేమీ రాలేదు. స్కాట్లాండులో హామిల్టన్ డ్యూక్ పదవి 1643 నాటి పట్టా వల్ల ఆడపిల్లకూ దక్కే వీలుండేది. అలా 1651లో ఆన్ అనే యువతి తన హక్కుతోనే డచెస్ అయింది. పెళ్లాడిన సెల్కిర్క్ ఎర్ల్‌కు ఏ పేరూ లేకుండా పోకూడదని 1660లో ఆయనకు బతికున్నంత కాలం వాడుకునేలా డ్యూక్ బిరుదు ఇచ్చారు. 1663లో ఆన్ స్కాట్‌ను పెళ్లాడిన మన్మత్ డ్యూక్ తిరుగుబాటు చేసి 1685లో తల పోగొట్టుకున్నాడు. అయినా ఆమె బక్లూ డచెస్‌గానే ఉండిపోయింది, ఎందుకంటే ఆ బిరుదు ఆమె సొంతం.

మన సంస్థానాల్లో అలాంటి పట్టా లేదు. ఇక్కడ స్త్రీ తన చేత్తో ఏలడానికి దారి దాదాపు ఎప్పుడూ వైధవ్యమే.

గద్వాల, వనపర్తి, పాపన్నపేట

నిజాం రాజ్యంలో పేష్కష్ అనే కప్పం కట్టి స్వతంత్రంగా మెలగిన హిందూ సంస్థానాలు పాలమూరు వైపు ఎక్కువ: గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు, గోపాలపేట. గద్వాల కోటను నల సోమనాద్రి 17వ శతాబ్దంలో కట్టాడు. ఆ వంశంలో మగ వారసుడు లేని ప్రతి మలుపులోనూ ఒక రాణి పగ్గాలు పట్టింది. దత్తత చేసుకోవడం, దత్తపుత్రుడు ఎదిగేదాకా ఏలడం, మళ్లీ మరో తరంలో అదే కథ. చివరి పాలకురాలు ఆదిలక్ష్మీ దేవమ్మ. భర్త రెండో సీతారామభూపాలుడు 1924లో చనిపోగా నిజాం ప్రభుత్వం సంస్థానాన్ని స్వాధీనం చేసుకోబోయింది. ఆమె పట్టు విడవకుండా అధికారాన్ని తిరిగి తెచ్చుకుని, సంస్థానం రద్దయ్యేదాకా నడిపింది. గద్వాల చీర గురించి తెలుగువాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఆ నేతకు కోట ఆదరణ దన్నుగా ఉండేది. కవుల సంభావనలకూ గద్వాల పేరుమోసింది. తిరుపతి వేంకట కవులు అవధానాలకు వెళ్లిన సంస్థానాల్లో అదొకటి.

వనపర్తిలో మొదటి రామేశ్వరరావు 1866లో పోయాక రాణి శంకరమ్మ సంస్థానాన్ని చూసుకుంది. ఆమె దత్తత తీసుకున్న వారసుడే రెండో రామేశ్వరరావు. ఇదే పేరున్న ఇంకో శంకరమ్మ మెతుకుసీమలో పాపన్నపేట సంస్థానాన్ని ఏలింది. మరాఠాలతో పోరులో చూపిన తెగువకు నిజాం ఆమెకు రాయ్‌బాగన్ అనే బిరుదిచ్చాడని చెబుతారు. బాగన్ అంటే ఆడపులి. భర్త ద్వారా కాకుండా నేరుగా ఒక స్త్రీకి వచ్చిన బిరుదు కనుక ఈ వ్యాసంలో దానికి ప్రత్యేక స్థానం ఉంది. సంగారెడ్డి, సదాశివపేట పేర్లు ఆ కుటుంబానివేనని స్థానికుల నమ్మకం. ఊళ్లకు మళ్లీ మగవాళ్ల పేర్లే!

కోస్తా జమీందారిణులు

ఉత్తర సర్కారుల్లో కథ వేరు. అక్కడ బిరుదులు గోల్కొండ, మొగలు, ఆసఫ్‌జాహీ, ఫ్రెంచి, ఇంగ్లీషు చేతులు మారుతూ వచ్చాయి. ఒక్కొక్క దొర ఒక్కొక్క తోక తగిలించి పోయాడు. 1802 శాశ్వత పరిష్కారంతో పాళెగాళ్లు, రాజులు అందరూ చట్టం దృష్టిలో జమీందారులయ్యారు. రాజా, మహారాజా అన్నవి కొందరికి వంశపారంపర్యంగానూ కొందరికి బతికున్నంత వరకూ ప్రభుత్వం ఇచ్చే మర్యాదలయ్యాయి. భర్తది రాజా అయితే భార్య రాణి, మహారాజా అయితే మహారాణి. పుస్తకాల అంకితాల్లో, కోర్టు కాగితాల్లో జమీందారిణి అన్న మాట కూడా నలిగింది.

బొబ్బిలి మల్లమ్మదేవి పేరు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు, విజయనగరం బలగం బొబ్బిలి కోటను చుట్టుముట్టినప్పుడు అంతఃపుర స్త్రీలు శత్రువు చేతికి చిక్కకుండా అయినవాళ్ల కత్తులకే బలయ్యారు. రంగారావు భార్య మల్లమ్మ ఆ కథకు నాయిక అయింది. బుర్రకథ, నాటకం, సినిమా ఆమెను తాండ్ర పాపారాయుడి పక్కన నిలబెట్టాయి. రాణి బిరుదుతో వచ్చే బాధ్యత ఎంత క్రూరంగా ఉండగలదో ఆ ఒక్క రోజు చూపించింది. వీరగాథలు దాన్ని మురిపెంగా పాడుకోవడం నాకు ఎప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

విజయనగరంలో రీవా మహారాణి కథ బిరుదుల తమాషాను ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. ఆనంద గజపతి సోదరి అప్పలకొండమాంబను మధ్య భారతంలోని రీవా మహారాజుకు ఇచ్చారు. భర్త పోయాక ఆమె పుట్టింటికి వచ్చేసింది. పుట్టింది విజయనగరంలో, బతికింది విజయనగరంలో, మాట్లాడింది తెలుగులో, కానీ జీవితాంతం పిలుపు మాత్రం రీవా రాణి. ఆనంద గజపతి 1897లో చనిపోయాక గురజాడ అప్పారావు ఆమెకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశాడు. ఎస్టేటు వారసత్వపు వ్యాజ్యాల కాగితాల మధ్య ఆయన ఏళ్లు గడిచిపోయాయి. కన్యాశుల్కం రాసిన చేయి ఒక మహారాణి తరఫున ఎన్ని ఉత్తరాలు, ఎన్ని అర్జీలు రాసిందో!

పెద్దాపురంలో వత్సవాయి వారి ఆఖరి రాణి బుచ్చి సీతయ్యమ్మ తన ఆస్తిని పెద్దాపురం, కత్తిపూడి సత్రాలకు రాసింది. దారిన పోయే బాటసారికీ చదువుకునే పేదపిల్లాడికీ ఆ సత్రం అన్నం పెట్టింది. అక్కడి కళాశాల పూర్తి పేరు శ్రీ రాజా వత్సవాయి బుచ్చి సీతయ్యమ్మ జగపతి బహద్దూర్ మహారాణి కళాశాల. చదివి చూడండి: రాజా, బహద్దూర్, మహారాణి మూడూ ఒకే స్త్రీ చుట్టూ చేరాయి. మగవాళ్లకు చెందిన ముందు మాట, వెనక మాట రెండూ ఆమె పేరుకు తగిలాయి, ఎందుకంటే గద్దె మీద కూర్చున్నది ఆమే.

ఈ బిరుదుతోపాటు గోషా వచ్చేది. క్షత్రియ, వెలమ జమీందారీ ఇళ్లలో రాణీగారు బయటివాళ్లకు కనిపించకూడదు. పల్లకీకి తెర, బండికి తెర, గుడికి వెళితే దారికి తెర. మగ డాక్టరు నాడి చూడటం కూడా కుదరదు. విశాఖపట్నంలో విక్టోరియా పేరిట ఆడవాళ్లకు కట్టిన ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. ఇంగ్లాండు రాణి పేరును పక్కకు నెట్టి తెలుగు రాణుల తెర పేరు నిలబడింది.

సంతకం చెల్లని రాణులు

వితంతు రాణి ఎంత గట్టిదైనా చట్టం ముందు ఆమె చేయి కురచే. హిందూ ధర్మశాస్త్రాన్ని ఇంగ్లీషు కోర్టులు చదివిన తీరులో వితంతువుకు దక్కేది పరిమిత హక్కు. బతికున్నంత కాలం అనుభవించవచ్చు, ఇష్టమొచ్చినట్టు అమ్మకూడదు, తర్వాత ఆస్తి భర్త వారసులకే పోతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా ఇదే తీరు. జమీందారీ విభజన కాకుండా ఒక్కరికే దక్కే ఎస్టేటు అయితే చిక్కు ఇంకా ముదిరేది. దాయాదులు దత్తత చెల్లదని దావా వేసేవారు. మద్రాసు హైకోర్టు దాటి లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన జమీందారీ దావాల్లో వితంతువు చేసిన దత్తత మీద నడిచినవి ఎన్నో.

దీనికి తోడు కోర్ట్ ఆఫ్ వార్డ్స్. వారసుడు మైనరైతే ఎస్టేటును ప్రభుత్వం తన చేతిలోకి తీసుకునే ఏర్పాటు అది. 1902 మద్రాసు చట్టంలో ఎస్టేటు నడపడానికి తగనివారి జాబితా ఉంది: మైనర్లు, మతి స్థిమితం లేనివారు, వారి పక్కనే ఆస్తి చూసుకోలేరని ప్రభుత్వం ప్రకటించిన స్త్రీలు. ఊళ్లో వేలమంది చేతులు జోడించే మహారాణి, కలెక్టరు ఒక్క నివేదిక రాస్తే చట్టం ముందు మైనరు పిల్లాడితో సమానం. బిరుదు బరువు ఎంతో అక్కడ తెలుస్తుంది.

పెద్ద చిన్నల తేడా మాత్రం తెలుగు సులువుగా తేల్చేసింది. ఇంగ్లీషులో చనిపోయిన డ్యూక్ భార్యకూ కొత్త డ్యూక్ భార్యకూ తేడా చెప్పాలంటే ముందు డొవేజర్ అని తగిలించాలి. విడాకులు తీసుకున్నామె అయితే తన సొంత పేరు ముందు పెట్టుకోవాలి. 1963లో విడిపోయిన ఆర్గైల్ డచెస్ అలా మార్గరెట్, డచెస్ ఆఫ్ ఆర్గైల్ అయింది. మన దివాణాల్లో పెద్దరాణి, చిన్నరాణి, దేశ్‌ముఖుల గడీల్లో పెద్దదొరసాని, చిన్నదొరసాని అంటే చాలు. ఒక దొరకు ఇద్దరు భార్యలున్నా ఈ రెండు మాటలే పనికొచ్చాయి.

బేగం, పాషా, లేడీ

హైదరాబాద్‌లో మర్యాద పేర్లు తుర్కీ, పారశీకం, ఉర్దూ కలగలుపు. తుర్కీ బేగ్‌కు స్త్రీలింగం బేగం. గోల్కొండ కాలంలోనే హయాత్ బక్షీ బేగం మూడు తరాల సుల్తానులకు కూతురు, భార్య, తల్లి. ఆమెను జనం మా సాహెబా అన్నారు. ఆ పేరుతో వెలిసిన చెరువు ఇంకిపోయింది. మాసబ్‌ట్యాంక్ అన్న బస్టాపు పేరులో ఆ పిలుపు ఉంది, హయత్‌నగర్‌లో ఆమె పేరు ఉంది.

పాయగా అమీర్లది రక్తసంబంధంతో బిగించిన పెద్దరికం. తరతరాలుగా నిజాంల కూతుళ్లను వారికే ఇచ్చారు. వికారుల్ ఉమ్రా భార్య జహందారున్నిసా బేగం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూతురు. అంటే పుట్టుకతో ఆమె భర్త కంటే ఒక మెట్టు పైన. ఇంగ్లీషు ప్రభుత్వం భర్తకు సర్ బిరుదు ఇవ్వగానే ఆమె లేడీ వికారుల్ ఉమ్రా అయింది. నిజాం కూతురికి అది పైకి ఎక్కడమో కిందికి దిగడమో చెప్పడం కష్టమే! కొండ మీద ఫలక్‌నుమా కట్టి అప్పుల్లో మునిగిన భర్తకు, ఆ మహల్‌ను నిజాంకు నజరు చేసి పరువు దక్కించుకోమని సలహా ఇచ్చింది ఆమేనని ఒక కథ నడుస్తోంది.

లేడీ అన్న బిరుదు ఎంత అరువుదో చెప్పడానికి ఆమినా హైదరీని తలచుకోవాలి. 1908 మూసీ వరదల్లో చేసిన సేవకు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. భర్త అక్బర్ హైదరీకి సర్ బిరుదు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. అప్పుడు గానీ ఆమె లేడీ హైదరీ కాలేదు. నగరంలోని లేడీ హైదరీ క్లబ్ పేరులో భర్త ద్వారా వచ్చిన బిరుదే నిలిచింది, సొంతంగా సంపాదించిన పతకం కాదు.

ఏడో నిజాం మొదటి భార్య ఆజమున్నిసా బేగంను అందరూ దుల్హన్ పాషా అన్నారు. దుల్హన్ అంటే పెళ్లికూతురు. ముసలితనం వచ్చినా ఆ పిలుపు మారలేదు. స్కాట్లాండు పద్ధతికి అచ్చంగా సరిపోలేది ఆమె పెద్దకోడలి బిరుదు. ఆఖరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్ కూతురు దుర్రుషెహ్వార్, ఆమె బంధువు నీలోఫర్ 1931 నవంబరులో నీస్ నగరంలో నిజాం ఇద్దరు కొడుకులను పెళ్లాడారు. బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని పేరుకైనా ఒప్పుకునేందుకు ఇంగ్లీషువాళ్లు 1936లో యువరాజుకు ప్రిన్స్ ఆఫ్ బేరార్ అనే బిరుదు ఇచ్చారు. దాంతో దుర్రుషెహ్వార్ ప్రిన్సెస్ ఆఫ్ బేరార్ అయింది. బ్రిటిష్ సింహాసనపు వారసుణ్ని స్కాట్లాండులో రోత్‌సే డ్యూక్ అనీ భార్యను రోత్‌సే డచెస్ అనీ ఇవాళ్టికీ పిలవడం ఇలాంటిదే. కాకపోతే బేరార్‌ను ఆ యువరాజు ఒక్క రోజూ ఏలలేదు. నీలోఫర్‌కు అలాంటి ప్రాంతపు బిరుదు లేదు, పెళ్లీ నిలవలేదు, 1952లో విడిపోయింది. అయినా రెడ్‌హిల్స్‌లో పసిపిల్లల ఆసుపత్రి ఆమె పేరుతోనే ఉంది. కాన్పులో ప్రాణం పోగొట్టుకున్న ఒక పనిమనిషి కోసం పడ్డ దుఃఖంలోంచి ఆ ఆసుపత్రి తలంపు పుట్టిందంటారు. బిడ్డకు జ్వరమొస్తే నీలోఫర్‌కు తీసుకుపో అనే తల్లికి ఆమె ఎవరి భార్యో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

గడీ కింద నిలబడి చూస్తే

పైనుంచి చూసిన బిరుదు వేరు, కింద నుంచి చూసిన బిరుదు వేరు. తెలంగాణ పల్లెల్లో దొరసాని అంటే దేశ్‌ముఖ్ భార్య గానీ తల్లి గానీ. గడీ మెట్ల దగ్గర చెప్పులు విప్పి, తల దించి, నీ బాంచెన్ కాల్మొక్తా అంటే తప్ప మాట మొదలవదు. గొప్పింటి పిల్ల అత్తారింటికి వస్తే నగలు, పశువులతోపాటు ఆడబాపలనే దాసీలు కూడా వచ్చేవారు. వాళ్లూ ఆడపిల్లలే, కానీ కట్నంలో లెక్క. దొరసాని బిరుదుకు మోతగా వచ్చిన ఆ అమ్మాయిల పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి తల్లి జానమ్మ కడవెండిలో ఉండేది. వెట్టి, జరిమానాలు, దౌర్జన్యాల్లో కొడుకుకు తీసిపోని మనిషిగా తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలు ఆమెను రాశాయి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ కడవెండిలోనే. ఆ దేశ్‌ముఖ్‌తోనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం తలపడింది. స్కాట్లాండు కొండల్లోనూ ఇలాంటి ముఖం ఉంది. సదర్లాండ్ కౌంటెస్ ఎలిజబెత్, తర్వాత డచెస్ అయినామె, 19వ శతాబ్దం మొదట్లో గొర్రెల మందల కోసం వేలమంది రైతులను తన భూముల నుంచి వెళ్లగొట్టించింది. ఆమెకు ఆ భూమి భర్త నుంచి వచ్చింది కాదు, పుట్టింటి సొంత హక్కు. హక్కు ఆడదాని చేతిలో ఉంటే పాలన మెత్తగా ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో కడవెండి, సదర్లాండ్ ఒక్కమాటగా చెబుతాయి.

అన్నట్టు, తెల్లవాళ్ల భార్యలకు తెలుగువాళ్లు మేమ్‌సాబ్ కంటే ముందు పెట్టిన పేరు కూడా దొరసానే. కలెక్టరు దొర అయితే ఆయన భార్య దొరసాని. పాలకుడి రంగు మారింది కానీ మాట మారలేదు.

బిరుదులు పోయాక

1948 మద్రాసు చట్టం కోస్తా, రాయలసీమ జమీందారీలను రద్దు చేసింది. 1949 ఆగస్టులో హైదరాబాద్ జాగీర్ల రద్దు నిబంధన సంస్థానాలకూ జాగీర్లకూ తెర దించింది. 1950 రాజ్యాంగం 18వ అధికరణం ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదంది. అయితే పాత పిలుపులను ఎవరూ పట్టించుకుని ఆపలేదు. సనదు లేకుండా పుట్టిన మాటను చట్టం మాత్రం ఎలా రద్దు చేస్తుంది?

వనపర్తి ఇంటి ఇద్దరు కోడళ్లు ఈ మార్పుకు మంచి ఉదాహరణ. రాణి కుముదినీ దేవి నిజాం ప్రభుత్వంలో ఉపప్రధానిగా చేసిన పింగళి వెంకటరామారెడ్డి కూతురు. 1958లో కూకట్‌పల్లి దగ్గర కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం పెట్టింది, 1962లో హైదరాబాద్‌కు తొలి మహిళా మేయరైంది, శాసనసభకూ గెలిచింది. ఎన్నికల్లో నిలబడిన ఈమె పేరు ముందు రాణి కొనసాగింది. మూడో రామేశ్వరరావు భార్య శాంతా రామేశ్వరరావు ఆ మాటను పక్కన పెట్టింది. 1961లో విద్యారణ్య పాఠశాల స్థాపించి, పిల్లల కోసం పుస్తకాలు రాసి, టీచరుగానే పేరు తెచ్చుకుంది. వనపర్తి రాజభవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ విద్యార్థులు చదువుకుంటున్నారు.

పిలుపులు ఇళ్లలోకి దిగి వచ్చాయి. రాణి ఇప్పుడు ఎవరైనా పెట్టుకునే పేరు. పని చెప్పినా కదలని పిల్లను నువ్వేమన్నా మహారాణివా అని అమ్మ గదమాయిస్తుంది. కొంచెం టెక్కుగా నడిచినామెను చూసి దొరసాని వచ్చిందమ్మా అంటారు.

గద్వాల కోట లోపల ఇప్పుడు ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. ఊరివాళ్లు దాన్ని ఎం.ఎ.ఎల్.డి. కాలేజీ అంటారు. ఆ నాలుగు అక్షరాల్లో మొదటిది మహారాణి. మిగిలిన మూడూ ఆదిలక్ష్మీ దేవమ్మవి.